విదేశీ విద్యార్థులు మన పల్లెకు వస్తుంటే: ఏర్పాట్లు చూసేవారి కోసం

అమెరికా నుంచో యూరప్ నుంచో పది పన్నెండు మంది యూనివర్సిటీ విద్యార్థులు మూడు వారాలు మీ దగ్గర ఉండి ‘సర్వీస్ లెర్నింగ్’ చేస్తామని మెయిల్ పెట్టారనుకోండి. మీది సముద్రం పక్క కాలేజీ, లేదా చిన్న స్వచ్ఛంద సంస్థ. మన ఎన్.ఎస్.ఎస్. క్యాంపు లాంటిదే కదా అని వెంటనే సరే అనేస్తాం. కొంతవరకు అలాంటిదే. కాకపోతే వాళ్లకు దీనికి క్రెడిట్లు ఉంటాయి, మార్కులు పడతాయి, చేసిన పని గురించి ఆలోచించి రాయాలి. సేవ సగం, చదువు సగం. ఆ రెండో సగాన్ని మనవాళ్లు మరిచిపోయి, వచ్చినవాళ్ల చేత బడి గోడకు రంగులు వేయించి, శాలువాలు కప్పి పంపేస్తారు.

నేను భీమిలి వైపు మత్స్యకార గ్రామాల్లో ఇలాంటి బృందాలకు ఏర్పాట్లు చూస్తుంటాను. అంతకుముందు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. ఇక్కడ రాసేదంతా మా తీరం లెక్క. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపువారు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు నెల చూసుకోండి

వాళ్ల వేసవి సెలవులు ఎక్కువగా మే, జూన్‌లలో మొదలవుతాయి. మనకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు, ఇంజన్ బోట్లు ఒడ్డునే ఉంటాయి. వేటే లేనప్పుడు పిల్లలు ఏం చూస్తారని కొందరు అడుగుతారు. నిజానికి మగవాళ్లు తీరిగ్గా దొరికేది అప్పుడే. వలలు బాగుచేసుకుంటూ, బోట్లకు రంగులు వేసుకుంటూ ఎంతసేపైనా మాట్లాడతారు. కానీ చేతిలో డబ్బు ఉండదు. ప్రభుత్వం ఇచ్చే నిషేధ భృతి, ఇప్పుడది 20,000 రూపాయలు, వచ్చినప్పుడే వచ్చినట్టు. ఆ రెండు నెలల్లో అప్పులు తెచ్చి ఇల్లు నడుపుతున్న మనిషి, ఇంటికొచ్చిన విదేశీ పిల్లలకు చేపల కూర పెట్టకపోతే పరువు తక్కువని ఇంకో అప్పు చేస్తుంది. మే నెలలోనే రావాలంటే భోజనాల ఖర్చు పూర్తిగా మీ లెక్కలోనే పెట్టుకోండి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో ఏ పనీ పెట్టకండి. మన ఉక్కపోత వాళ్లకు అలవాటు లేదు, దాహం వేసేదాకా నీళ్లు తాగాలని తోచదు.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. ఆ నెలల్లో ఎవరైనా వస్తామంటే నేను ఒప్పుకోను. జనవరి నుంచి మార్చి మధ్య దాకా అన్నిటికంటే మంచిది. వేట సాగుతుంది, ఎండ పర్వాలేదు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. సంక్రాంతి మూడు రోజులు మాత్రం పని కాగితం తీసి పక్కన పెట్టండి. ఆ రోజుల్లో సర్వే ప్రశ్నలు పట్టుకుని ఇళ్లకు వెళ్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

పని ఊరు చెప్పాలి

అమెరికాలో ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లలో ఒకరైన రాబర్ట్ సిగ్మన్ 1979లో మూడు సూత్రాలు రాశాడు. వాటిలో మొదటిది, సేవ ఏమిటో తేల్చాల్సింది సేవ అందుకునేవాళ్లేనని. చాలా యూనివర్సిటీల కరపత్రాల్లో ఇది ఉంటుంది. ఆచరణలో మాత్రం పనుల పట్టిక అక్కడే తయారై వస్తుంది. దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, బృందం రావడానికి రెండు నెలల ముందే ఊళ్లోకి వెళ్లండి.

సర్పంచి గారినీ కులపెద్దలనూ కలవాల్సిందే, వాళ్లను దాటి వెళ్తే పని జరగదు. కానీ అక్కడితో ఆగిపోతే మీ చేతికొచ్చేది మగవాళ్ల జాబితా మాత్రమే. చేపలమ్మే ఆడవాళ్లు మార్కెట్ నుంచి తిరిగొచ్చి, అన్నం తిని, ఎండు చేపలు తిరగేసే వేళ ఒకటుంది, మధ్యాహ్నం మూడు దాటాక. అప్పుడు వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. ‘మీకేం కావాలి?’ అని అడగొద్దు. రోడ్డు, జెట్టీ, పక్కా ఇళ్లు అంటారు. న్యాయమైన కోరికలే, కానీ ఇరవై ఏళ్ల పిల్లలు మూడు వారాల్లో ఇవ్వగలిగినవి కావు. ‘ఈ వారం డబ్బు ఎక్కడ అన్యాయంగా పోయింది? ఏ కాగితం కోసం తిరిగి తిరిగి విసిగిపోయారు?’ అని అడగండి.

“ఏటమ్మా, ఆళ్లొచ్చి మాకేటి సేత్తారు?” అంది ఒక అప్ప, చేప తిరగేస్తూనే. మీరే చెప్పండి అన్నాను. కాసేపు నవ్వుకున్నాక ఒకావిడ అంది: “అయితే ఆ ఆశీలోడు ఎంత తీసుకోవాలో, ఎంత తీసుకుంతన్నాడో రాయించు. మాకు సదువు నేదు కదా.”

ఆశీలోడంటే మార్కెట్లో రుసుము వసూలు చేసేవాడు. పని అక్కడ దొరికింది. దానికి మేం పెట్టుకున్న పేరు ‘గంప వెంట ఒక రోజు’. ఒక విద్యార్థి, ఒక తెలుగు డిగ్రీ విద్యార్థి, ఒక చేపలావిడ. తెల్లవారుజామున ఐదింటికి ఒడ్డున మొదలు. బోటు ఇసుకలోకి లాగుతారు, వల దులుపుతారు, కుప్పలు పోస్తారు, వేలం పాట మొదలవుతుంది. పాట ఎంత వేగంగా సాగుతుందంటే మన తెలుగు పిల్లలకే అంకెలు అందవు. ఆవిడ కుప్ప వైపు చూడనట్టే చూసి, పైన కనిపించే పెద్ద చేపల కింద ఏముందో చేత్తో ఒకసారి కలబెట్టి, మొప్ప ఎత్తి రంగు చూసి, గడ్డం కొంచెం ఊపుతుంది. అంతే, కుప్ప ఆవిడదైపోతుంది. ఆ ఊపు ఎప్పుడు ఊపిందో పట్టుకోవడమే పిల్లలకు మొదటి పరీక్ష. ఆ తర్వాత ఐసు, ఆటో, మార్కెట్లో చోటు, ఆశీలు, బేరాలు, మధ్యాహ్నానికి పడిపోయే ధర, సాయంత్రం మిగిలిన కవళ్లకు ఉప్పు పట్టించడం. ప్రతిదానికీ ఎంత ఖర్చయిందో, ఎంత వచ్చిందో రాసుకోవాలి. ప్రశ్నలు బేరం మధ్యలో అడగకూడదు, ఆటోలో అడగాలి. ఆ రోజుకు ఆవిడకు కూలి ఇవ్వాలి. నేర్పుతున్నది ఆవిడ. ప్రొఫెసర్‌కు జీతం ఇచ్చి ఆవిడకు ‘థాంక్యూ’ చెప్తే ఎలా?

అన్ని కాగితాలూ కలిపి ఒకే పేజీలో, పెద్ద అక్షరాల తెలుగులో పట్టిక చేయించాం: ఏ మార్కెట్లో బోర్డు మీద ఎంత ఉంది, చేతి నుంచి ఎంత తీసుకున్నారు, రసీదు ఇచ్చారా లేదా. ఆ పట్టిక పట్టుకుని ఆడవాళ్లే ఆఫీసుకు వెళ్లారు. అక్కడ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆ రోజు నుంచి రసీదు అడగడం మొదలైంది. ఆఫీసులోకి విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వెళ్లకండి. తెల్లముఖం చూసి పని జరిగితే, మరుసటి వారం ఆ ముఖం లేనప్పుడు జరగదు.

డిగ్రీ విద్యార్థుల్ని జత చేయమన్నానుగా, అది కష్టమేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. చాలామంది దాన్ని ఇంట్లో కూర్చునే రాసేస్తారు. పక్క కాలేజీ వాళ్లతో మాట్లాడి జతలు కట్టండి. విమానం ఎక్కాల్సినవాళ్లు ఎక్కేశాక పని కొనసాగించేది మనవాళ్లే.

ఒద్దనాల్సిన పనులు కూడా కొన్ని ఉన్నాయి. మూడు వారాల ఇంగ్లిష్ క్లాసులు ఒకటి. ప్రతి బృందమూ అవే రంగుల పేర్లు, అవే జంతువుల పాటలు నేర్పుతుంది, బడి టీచరు వరండాలో నిలబడి చూస్తుంటాడు. డాక్టరు కాబోయే పిల్లలు హెల్త్ క్యాంపులో సూది పట్టుకోకూడదు, వాళ్ల దేశంలో చేయనివ్వనిది ఇక్కడా చేయనివ్వొద్దు. తాబేళ్ల పనికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఆలివ్ రిడ్లీలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, గుడ్లు ముట్టుకోవడమే నేరం. అనుమతి వస్తే సిబ్బంది వెంట రాత్రి నడక చాలా బాగుంటుంది. టార్చిలైట్లు, ఫోన్ ఫ్లాష్‌లు మాత్రం జేబులోనే ఉండాలి, పిల్ల తాబేళ్లు వెలుగు వైపే పోతాయి. ఇక ప్రతి బృందంలో ఒకరు చేపలెక్కడున్నాయో చెప్పే యాప్ చేస్తానంటారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆ సమాచారం ఏళ్ల తరబడి ఇస్తూనే ఉందని చెప్పండి. అది ఈ ఊళ్లో ఎవరికి అందుతోంది, ఎవరికి అందట్లేదు, ఎవరు నమ్మట్లేదు అన్నది కనుక్కోమనండి. యాప్ కంటే అది పనికొస్తుంది.

కాగితాలు

టూరిస్టు వీసా మీద జీతం లేని స్వచ్ఛంద సేవ నెల రోజులకు మించి చేయకూడదు. అంతకంటే ఎక్కువ ఉండాలన్నా, క్రెడిట్ల కోర్సు చదవాలన్నా ఏ వీసా కావాలో ముందే రాతపూర్వకంగా తేల్చమని యూనివర్సిటీని అడగండి. ఎవరింట్లో దిగినా సరే, 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో విదేశీయుల సమాచారం ఇవ్వాలి. అందరూ ‘ఫారం సి’ అని పిలిచేది దాన్నే. హోటల్ కాదు, ఇల్లే కదా అని వదిలేయకండి. స్థానిక స్టేషన్‌లో, మెరైన్ పోలీసులకు ఒక ఉత్తరం ఇచ్చి ఉంచితే బీట్ కానిస్టేబుల్ రాత్రిపూట తలుపు కొట్టడు.

విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా ఉండాలి. బసకూ భోజనానికీ బిల్లు ఇచ్చి తీసుకునే డబ్బు వేరు, విరాళం వేరు. రెండూ కలిపేయకుండా ఆడిటర్‌ను అడిగి పెట్టుకోండి.

బయల్దేరే ముందే వాళ్లకు చెప్పాల్సినవి: శాటిలైట్ ఫోన్, కొండలెక్కేవాళ్లు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలు అనుమతి లేకుండా తేవడం ఇక్కడ నేరం. డ్రోన్ వద్దు. వేప్ అసలే వద్దు, ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం. విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది, నౌకలను, నేవీ గోడలను ఫొటో తీయకూడదు. చర్చికి పిలిస్తే వెళ్లొచ్చు, గంగమ్మ పండగకూ వెళ్లొచ్చు. టూరిస్టు వీసా మీద మైకు పట్టుకుని మత ప్రసంగం మాత్రం చేయకూడదు. పల్లెల్లో పాస్టర్ గారు ప్రేమతోనే రెండు మాటలు మాట్లాడమంటారు, ఆయనకు మీరే ముందుగా చెప్పి ఉంచండి.

ఇల్లు, తిండి, సముద్రం

ఇంటికి ఇద్దరు చొప్పున పెట్టండి. డబ్బు ఆ ఇంటి ఆడమనిషి చేతికి లేదా ఆవిడ ఖాతాకు, వారం వారం. బాత్రూమ్‌కు లోపలి గడియ, దోమతెర, కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చూసుకుంటే మిగతావి సర్దుకుంటాయి. కారం తగ్గించమంటే మా వాళ్లు సగానికి తగ్గిస్తారు, అది కూడా వాళ్లకు ఎక్కువే. కవళ్ల పులుసు ముళ్లతో మొదటి రోజే పెట్టకండి. నెత్తళ్ల వేపుడుతో మొదలుపెడితే ముల్లుతో సహా కరకరలాడుతూ తినేస్తారు. కొన్ని పల్లెల్లో ఒడ్డు చివర ఇంకా మరుగుదొడ్డే. ఆ సంగతి ముందే చెప్పండి, ఏ వైపు నడవకూడదో కూడా.

ఈత గురించి గట్టిగా ఉండండి. “నేను కాలేజీ స్విమ్మింగ్ టీమ్” అన్నవాళ్లతోనే నాకు ఎక్కువ టెన్షన్. మా వైపు ఒడ్డున విరిగిన అలల నీరు ఏదో ఒక సందులోంచి వేగంగా వెనక్కి పోతుంది. ఆ సందులో అలలు తక్కువగా ఉండి చూడ్డానికి ప్రశాంతంగా కనిపిస్తుంది, అందరూ సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తే ఒడ్డు వైపు కొట్టుకోకుండా పక్కకు ఈదాలి. ఈ పాఠం మీరు చెప్తే తలూపి ఊరుకుంటారు. వేటకు వెళ్లే ఒక పెద్దాయన ఇసుకలో కర్రతో గీసి చెప్తే వింటారు. మోకాలు దాటి నీళ్లలోకి దిగకూడదన్నది నా నియమం. వేట బోటు ఎక్కించమని ఎంత బతిమాలినా ఎక్కించను.

బృందంలో తెలుగు పిల్ల ఉంటే

ఈ మధ్య డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బృందాల్లో మన తెలుగువాళ్ల పిల్లలు ఒకరిద్దరు ఉంటున్నారు. అందరూ ఆ పిల్లను దుబాసీని చేసేస్తారు. ఆమె కూడా క్రెడిట్లకు ఫీజు కట్టి వచ్చిన విద్యార్థే. పైగా ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడే తెలుగుకు మా ఒడ్డు తెలుగు అందదు, అందలేదంటే సిగ్గుపడుతుంది. ఊరివాళ్లు వేసే ప్రశ్నలు కూడా వేరు. మిగతావాళ్లను “ఏ దేశం?” అని అడుగుతారు, ఈమెను “మీదే ఊరు, మీరేట్లు?” అని కులం దాకా లాగుతారు. జవాబు చెప్పాల్సిన పనిలేదని ముందే చెప్పండి. దుబాసీ పని జత కట్టిన మన డిగ్రీ పిల్లలదే.

చివరి వారం

వాళ్ల ప్రొఫెసర్‌కు రిపోర్టు వెళ్లే ముందే, అందులో ఏముందో ఊరికి వినిపించాలి. సాయంత్రం, రామాలయం దగ్గరో తుపాను షెల్టర్‌లోనో, తెలుగులో, అరగంటలో. తప్పులు అక్కడే బయటపడతాయి. ఐసు ధర తప్పు రాశారని, అప్పు వడ్డీ సంగతి ఎందుకు రాశారని తగాదా పడతారు. అప్పుల వివరాలు తీసేయమంటే తీసేయండి. పిల్లల ఫొటోలు తల్లి ఒప్పుకోకపోతే తీసేయండి.

వీడ్కోలు రోజు కన్నీళ్ల మధ్య లాప్‌టాప్ పంపిస్తాం, నీ చదువు మేం చూసుకుంటాం లాంటి మాటలు వస్తాయి. ముందు రోజు రాత్రే కూర్చోబెట్టి చెప్పండి, ఎవరికీ ఏ మాటా ఇవ్వొద్దని. ఏమైనా పంపాలనిపిస్తే ఆరు నెలలయ్యాక సంస్థకు రాయమనండి. తెలుగు పట్టిక కాపీలు చేపలావిడలకు, పంచాయతీకి, జత కట్టిన కాలేజీకి ఇవ్వండి. ఇంటి అద్దెలు, కూలీలు వారం లోపు తీర్చేయండి. వచ్చే బృందం కోసం ఊళ్లోకి వెళ్లినప్పుడు పాత బాకీ మీద మాట పడకూడదు.