పీఎల్‌సీ దాకా ఎవరు చేరగలరు? ముందు అది తేల్చండి

ఫ్యాక్టరీలో మెషిన్లను నడిపే చిన్న కంప్యూటరే పీఎల్‌సీ. నెట్‌వర్క్‌లో దానితో మాట్లాడే మోడ్‌బస్ టీసీపీ అనే పద్ధతిలో పాస్‌వర్డ్ అనేదే లేదు. అది వాడే 502 పోర్టు దాకా వచ్చిన ఏ కంప్యూటరైనా పీఎల్‌సీలో సెట్‌పాయింట్ (మెషిన్ పాటించాల్సిన విలువ) మార్చేయగలదు. అందుకే అక్కడికి వెళ్లే దారులను తగ్గించడమే అసలు పని.

ముందు జాబితా రాయండి. ప్రతి పీఎల్‌సీ, హెచ్‌ఎంఐ (ఆపరేటర్ తెర), డ్రైవ్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), నెట్‌వర్క్ స్విచ్‌ల ఐపీ, మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్ అందులో ఉండాలి. ప్యానెల్ తెరిచి, కేబుల్ పట్టుకుని చూస్తూ రాయాలి. ఉత్పత్తి లైను నడుస్తుండగా ఎన్‌మ్యాప్‌తో (నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతికే టూల్) స్కాన్ వద్దు, పాత కంట్రోలర్లు దానికే హ్యాంగ్ కావచ్చు. స్విచ్‌లో మిర్రర్ పోర్టు (ట్రాఫిక్ కాపీని ఇచ్చే పోర్టు) పెట్టి, ఆ ట్రాఫిక్‌ను చూపించే వైర్‌షార్క్‌తో గమనిస్తే చాలు. మెషిన్ బిగించినవాళ్లు వదిలి వెళ్లిన సిమ్ రౌటర్లు మాత్రం అందులో కనిపించకపోవచ్చు, వాటిని ప్యానెళ్లలోనే వెతకాలి.

ఆఫీసుకూ లైనుకూ మధ్య ఫైర్‌వాల్ పెట్టి, అన్నీ మూసి, అవసరమైనవే తెరవండి. 445 (ఫైల్ షేరింగ్), 3389 (రిమోట్ డెస్క్‌టాప్) పోర్టుల ట్రాఫిక్ నేరుగా దాటకూడదు. ఆఫీసుకు కావాల్సిన డేటాను మధ్య జోన్‌లోని సర్వర్ నుంచే ఇవ్వండి. వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు) వేరు చేశాం కదా అనుకోవద్దు: వాటిని కలిపే లేయర్ 3 స్విచ్‌లో రూల్స్ రాయకపోతే ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి దారి తెరిచే ఉంటుంది. లైన్ల మధ్య కూడా ఇలాగే విడదీయాలి. 2018 ఆగస్టులో తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీలో కొత్త మెషిన్‌ను నెట్‌వర్క్‌కు కలపగానే వన్నాక్రై రకం వైరస్ పాకి ఉత్పత్తి దెబ్బతింది. కొత్త మెషిన్‌నైనా, సర్వీస్ ఇంజినీర్ ల్యాప్‌టాప్‌నైనా స్కాన్ చేశాకే కలపండి.

కీ స్విచ్ ఉన్న పీఎల్‌సీల్లో దాన్ని రన్‌లో (ప్రోగ్రామ్ మార్చనివ్వని స్థితి) పెట్టి, తాళంచెవి షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇవ్వండి. రన్‌లో ఉంటే ఆన్‌లైన్ ఎడిట్ కుదరదని చాలాచోట్ల రిమోట్‌లోనే (నెట్‌వర్క్ నుంచి మార్చనిచ్చే స్థితి) వదిలేస్తారు. అది ప్రమాదకరమైన అలవాటు. 2017లో సౌదీ పెట్రోకెమికల్ ప్లాంటులో ట్రైకానెక్స్ భద్రతా కంట్రోలర్ కీ ప్రోగ్రామ్‌లో ఉండడం వల్లే ట్రైటన్ మాల్‌వేర్ లోపలికి కోడ్ రాయగలిగింది.

వెండర్ (మెషిన్ అమ్మిన సంస్థ) రిమోట్ కనెక్షన్ పని ఉన్నప్పుడే ఆన్ చేయండి, రెండంచెల లాగిన్ తప్పనిసరి. 2023లో అమెరికాలోని నీటి సంస్థల్లో యూనిట్రానిక్స్ పీఎల్‌సీలపై దాడులకు ఇంటర్నెట్‌కు తెరిచి ఉండడం, 1111 అనే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ దారి ఇచ్చాయి.

బ్యాకప్ అంటే పీఎల్‌సీ ప్రోగ్రామ్ ఒక్కటే కాదు. హెచ్‌ఎంఐ ప్రాజెక్టు, డ్రైవ్ పారామీటర్లు, స్విచ్ కాన్ఫిగరేషన్ కూడా కావాలి. ఒక కాపీ నెట్‌వర్క్‌కు బయట ఉండాలి. పాత పీఎల్‌సీల నుంచి ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లోకి అప్‌లోడ్ చేస్తే కామెంట్లు, ట్యాగ్ పేర్లు రావు, కాబట్టి అసలు ప్రాజెక్టు ఫైలే దాచండి. దాన్ని స్పేర్ సీపీయూలో ఎక్కించి చూడండి.

దాడి అనుమానం వస్తే కంప్యూటర్లు ఆపేయకండి, మెమరీలోని ఆధారాలు పోతాయి. లైను నుంచి ఆఫీసు వైపు వెళ్లే అప్‌లింక్ కేబుల్ పీకేయండి. ఆ కేబుల్‌కు ముందుగానే ఎర్ర ట్యాగ్ కట్టి ఉంచండి. మన దేశంలో గమనించిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి.