సమస్య - పరిష్కారం: జంట కౌన్సెలింగ్ పంచాయితీగా మారుతుంటే

హనుమకొండలో మన దగ్గరికి వచ్చేసరికే చాలా జంటల గొడవ ఒకటి రెండు పంచాయితీలు దాటి ఉంటుంది. కొత్తగా కౌన్సెలింగ్ మొదలుపెట్టినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సమస్య: ఇద్దరూ మిమ్మల్నే చూస్తూ మాట్లాడతారు. "తప్పెవరిదో మీరే చెప్పండి సార్."

కారణం: పెద్దమనుషుల తీర్పుకు అలవాటుపడ్డారు. మీరు ఒకవైపు తల ఊపినా తీర్పు కిందే లెక్క. రెండోవాళ్లు మళ్లీ రారు.

పరిష్కారం: కుర్చీలు ఎదురెదురుగా వేయండి. నేను ఒకరి చేతికి పెన్ను ఇస్తాను. పెన్ను ఉన్నవాళ్లే మాట్లాడాలి, అదీ రెండు ముక్కల్లో. "జ్వరమొచ్చి మూడు రోజులు పడుకున్నా, తిన్నవా అని ఒక్కసారన్న అడగలే" అంటుంది ఆమె. ఆయన జవాబు చెప్పకూడదు, విన్నది తిరిగి చెప్పాలి: "జ్వరమొస్తే నేను అర్సుకోలేదు అంటున్నవ్." ఆమె "అవును, అదే" అన్నాకే పెన్ను ఆయన చేతికి వెళ్తుంది. తిరిగి చెప్పడమంటే తప్పు ఒప్పుకోవడం కాదని ముందే చెప్పండి. చాలామంది మగవాళ్లు అక్కడే బిగుసుకుపోతారు.

సమస్య: ఆయన నేలచూపులు చూస్తూ "ఏం లేదు" అంటాడు, ఆమె గొంతు పెంచుతుంది.

కారణం: దీన్ని పొగరు అనుకోవద్దు. ఆమె ఎంత గట్టిగా అడిగితే ఆయన అంత ముడుచుకుంటాడు, ఆయన ముడుచుకున్నకొద్దీ ఆమె ఇంకా అడుగుతుంది. గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటుంటే ఎదుటివాళ్ల మాట సరిగా తలకెక్కదని అమెరికా పరిశోధకుడు జాన్ గాట్‌మన్ చెప్పారు.

పరిష్కారం: ఆయన నాడి చూడండి. 100 దాటితే కనీసం 20 నిమిషాలు మాటలు ఆపండి, ఆ లోపు గొడవ ఊసే వద్దు. ఇంట్లో అయితే "అరగంటలో వస్తా" అని చెప్పి లేవాలి, చెప్పినట్టే రావాలి. చెప్పకుండా బండేసుకుని భద్రకాళి చెరువు కట్టకు పోతే, వదిలేసి పోయినట్టే ఉంటుంది ఆమెకు.

అత్తగారో తమ్ముడో కూడా లోపలికి వస్తామంటే మర్యాదగా బయట కూర్చోబెట్టండి. ఇద్దరూ సరేనంటేనే తర్వాత పిలవండి.

సమస్య: ప్రతి జవాబుకు ముందు ఆమె ఆయన ముఖం చూస్తుంది.

కారణం: భయం కావచ్చు. అందుకే మొదటిరోజే ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి. ఇది మాత్రం ఎప్పుడూ మానొద్దు.

పరిష్కారం: కొడుతున్నాడని తెలిస్తే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ఆపండి. ఇక్కడ నోరు తెరిచినందుకు ఇంట్లో దెబ్బలు తినేది ఆమే. 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం గురించి ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పండి. ఆయన ఆమె ఫోన్ చూస్తాడంటే నంబర్ సేవ్ చేయించకండి, నోటికి వచ్చేదాకా చెప్పించండి.