అన్నం వేయిస్తే ముద్దవుతోందా? ముందు డబ్బా మూత తిప్పి చూడండి

పొద్దుపోయి ఇంటికొచ్చి, వంటకి ఓపిక లేనప్పుడు ఫ్రిజ్‌లో మిగిలిన అన్నాన్ని మించి అక్కరకొచ్చేది లేదు. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక గుడ్డు, అరలో ఏ దేశపు సాస్ సీసా ఉంటే అది. సోయాతో ఒక రకం, టమాటా చీజ్‌తో ఒక రకం, వేరుశనగ వెన్నా మిరప పేస్టుతో ఇంకో రకం. తరగడం, నూనె కాచడం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సిందల్లా ఒక్కటే. కుదరలేదన్న ప్రతివాళ్లూ మొదట అడిగేది "ఏ సాస్ వాడాలి?" అని. సాస్ సంగతి తర్వాత. అన్నాన్ని బాండీలో వేసే ముందు చేత్తో పట్టి చూశారా?

ఇది అర నిమిషం పని. డబ్బా మధ్యలోంచి పిడికెడు అన్నం తీసి, మెల్లగా నొక్కి వదలండి. మెతుకులు విడివిడిగా రాలితే దిగులు లేదు. ఉండ కట్టినా, వేలితో తాకగానే విడిపోతే ఫరవాలేదు. ఉండ ఉండలాగే ఉండి అరచేతికి తడి అంటిందంటే మాత్రం, ఆ అన్నం ఇంకా వేయించడానికి సిద్ధంగా లేదు. అయినా చాలామంది ఈ పని చేయరు. డబ్బా బోర్లించి నేరుగా బాండీలో కొట్టేస్తారు.

లక్షణం: వేయిస్తుంటే జిగురుగా, ముద్దగా అవుతోంది

అందరూ చెప్పుకునే కారణాలు రెండు: అన్నం మెత్తగా వండారు, లేదా బాండీలో ఎక్కువ వేశారు. రెండూ నిజమే. రెండోదానికి మందు తేలిక. ఇద్దరికి సరిపడా అన్నమే ఒక వాయికి వేయండి. నలుగురుంటే రెండు వాయిలు. ఒకేసారి కుక్కితే మెతుకులు వేగవు, ఉడుకుతాయి.

దొంగ కారణం ఇంకోటుంది. నన్ను ఎక్కువగా ఏడిపించింది అదే. అన్నం పలుకుగానే వండారు, ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచారు, వాయికి కొంచెమే వేశారు, అయినా ముద్దయింది. ఇక బియ్యాన్ని తిట్టుకుంటారు. తప్పు బియ్యానిది కాదు, మూతది.

వేడి అన్నాన్ని డబ్బాలో పెట్టి వెంటనే మూత బిగిస్తే ఆవిరి ఎక్కడికి పోతుంది? మూతకి కొట్టుకుని నీళ్లవుతుంది. ఆ డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి మూత తిరగేసి చూడండి, లోపలివైపు వరసగా బొట్లుంటాయి. కొన్ని అప్పటికే పైన అన్నం మీద పడి ఇంకిపోయుంటాయి, కొన్ని అంచుల వెంట అడుగుకి జారుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పొడిగా ఉంటుందని అందరి నమ్మకం. చల్లగా ఉంటుంది, అంతే. చల్లదనం వేరు, పొడిదనం వేరు. చల్లగా ఉన్నప్పుడు మెతుకు గట్టిగా తగులుతుంది కాబట్టి ఆ తడి చేతికి కూడా సరిగ్గా తెలీదు, అందుకే నొక్కి చూడమన్నది. బండారం బయటపడేది బాండీలో వేడి తగిలాకే.

అక్కడ జరిగేది ఇది. మంచులా చల్లగా ఉన్న నీటిని మరిగేదాకా తేవడానికి ఎంత వేడి పడుతుందో, మరిగిన ఆ నీటినంతా ఆవిరి చేయడానికి దానికి 5 రెట్లకు పైగా పడుతుంది. మెతుకుల మీద తడి ఉన్నంతసేపూ స్టవ్ వేడంతా ఆ నీళ్లకే పోతుంది. మెతుకు పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రంగు తిరిగి, వేగిన కమ్మని వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఈలోపు తడీ వేడీ కలిసి మెతుకు మీది పిండి జిగురవుతుంది. జిగురు చూసి మనం నూనె పోస్తాం, అది నూనె ముద్దవుతుంది. విడదీద్దామని గరిటెతో పొడుస్తాం, మెతుకులు చిదిగి ఇంకా పిండి బయటికొస్తుంది. పైనుంచి సాస్, అంటే మళ్లీ నీళ్లు.

మందు ముందురోజే ఉంది. అన్నం దించగానే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాన్ కింద 10, 15 నిమిషాలు వదలండి. ఆవిరి రావడం ఆగాక డబ్బాలోకి తీసి మూత పెట్టండి. గంటలోపు ఫ్రిజ్‌లో చేరాలి. "రాత్రంతా బయటే ఆరితే ఇంకా పొడిగా ఉంటుంది కదా" అని గిన్నె స్టవ్ పక్కన వదిలేసేవాళ్లున్నారు, ఆ పని వద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి మొలిచి పెరుగుతాయి. అప్పుడు తయారయ్యే వాంతుల విషం మళ్లీ ఎంత వేయించినా పోదు. పళ్లెంలో పరిస్తే తడీ పోతుంది, అన్నం త్వరగానూ చల్లారుతుంది.

ముందురోజు మర్చిపోయి, ఇప్పుడు చేతిలో తడి అన్నమే ఉందనుకోండి. పళ్లెంలో పరిచి మూత లేకుండా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రిజ్ గాలే తడి లాగేస్తుంది. అంత టైమ్ లేదంటే నూనె వేయని నాన్‌స్టిక్ పాన్‌లో మధ్యస్థం సెగ మీద పరిచి, కదపకుండా రెండు నిమిషాలు ఉంచండి. ఆవిరి లేవడం తగ్గాక పళ్లెంలోకి తీసి, ఆ తర్వాత నూనె, తాలింపు మొదలుపెట్టండి. అదనంగా అయ్యేది ఒక్క పళ్లెం కడుక్కోవడమే.

బాండీలో ఇప్పటికే ముద్దయిపోయిందా? కలపడం ఆపండి. ఎంత కలిపితే అంత పాడవుతుంది. గరిటెతో పలచగా అదిమి, అంచుల వెంట చెంచాడు నూనె వేసి, అడుగు ఎర్రగా కరకరలాడేదాకా వదిలేయండి. ముక్కలుగా తిరగేయండి. పైన వేయించిన గుడ్డు, కాస్త మిరప సాస్. కొరియాలో నురుంజి, ఇరాన్‌లో తహ్‌దీగ్ అని అడుగుపట్టిన ఈ కరకర పొర కోసమే ఎగబడతారు. ముద్దని చీజ్‌తో ఉండలు చేసి, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయించినా బాగుంటుంది, అన్నం ఎంత జిగురైతే ఉండ అంత గట్టిగా నిలుస్తుంది. పట్టుబట్టి దాన్నే ఫ్రైడ్ రైస్ చేస్తానంటే మాత్రం నా దగ్గర మందు లేదు.

లక్షణం: అన్నం పొడిగానే ఉంది, కూరలు వేశాక తడయింది

కడిగిన కూరగాయల మీద నీళ్లు తుడవలేదు, లేదా ఉప్పు ముందే వేశారు. క్యాబేజీ, క్యాప్సికం, పుట్టగొడుగులు ఉప్పు తగలగానే నీళ్లు వదులుతాయి. వాటిని పెద్ద మంట మీద విడిగా వేయించి తీసి పక్కన పెట్టండి. అన్నం వేగాక కలపండి, ఉప్పు అప్పుడు.

లక్షణం: మెతుకు గట్టిగా, రాయిలా పంటికి తగులుతోంది

పై సమస్యకి ఇది తలకిందులు. చల్లారేకొద్దీ అన్నంలో పిండి పదార్థం మళ్లీ బిగుసుకుంటుంది, ఫ్రిజ్ చల్లదనంలో మరీ త్వరగా. పొడుగు గింజ బియ్యంలో ఇది ఎక్కువ. వేయించే ముందే గడ్డల్ని తడి వేళ్లతో చిదపకుండా విడదీయండి. బాండీలో వేశాక రెండు చెంచాల నీళ్లు చిలకరించి, ఒక నిమిషం మూత పెట్టి, తీసేసి వేయించండి. నీళ్లు వద్దని ఇంతసేపు చెప్పి ఇప్పుడు పోయమంటున్నానని అనుకోకండి. పిడికిట్లో నొక్కితే పొడిగా రాలిన అన్నానికి మాత్రమే ఈ నీళ్లు.

లక్షణం: అన్నీ వేశాం, ఉప్పు తప్ప రుచి తెలీడం లేదు

సీసాలు ఎక్కువయ్యాయి. పెద్ద చెంచాడు మామూలు సోయా సాస్‌లోనే 2 గ్రాములకు పైగా ఉప్పుంటుంది. దాని మీద ఫిష్ సాస్, చీజ్, అన్నంలో ముందే వేసిన ఉప్పు. నా లెక్క ప్రకారం ఉప్పదనానికి ఒకటే సీసా, పులుపుకి ఒకటి, కమ్మదనానికి ఒకటి. సోయా, నిమ్మరసం, నువ్వుల నూనె ఒక జట్టు. టమాటా పేస్టు, వెనిగర్, చీజ్ ఇంకో జట్టు. రెండు జట్ల వాటినీ ఒకే బాండీలో దించితే ఫ్యూజన్ కాదు, గందరగోళం. సాస్‌ని అన్నం మీద కాకుండా కాలుతున్న బాండీ అంచున పోయండి, నీరు అక్కడే ఎగిరిపోయి వాసన పెరుగుతుంది. పులుపు స్టవ్ ఆపాకే.

చీజ్ కూడా స్టవ్ ఆపాకే కలపండి, ఎక్కువ వేడిలో నూనె వదిలి తీగలుగా బిగుస్తుంది. వేరుశనగ వెన్నని వేడి నీళ్లతో పలచన చేయకుండా వేస్తే ఒకేచోట గడ్డ కడుతుంది. గొచుజాంగ్ లాంటి తీపి మిరప పేస్టులు చక్కెర వల్ల ఇట్టే మాడతాయి, చివరి నిమిషంలో చాలు.

మిగతావి

అడుగంటుతోందంటే బాండీ కాగకముందే అన్నం వేశారు. ఇనుప వోక్ లేదనీ, ఇంటి స్టవ్‌కి మంట చాలదనీ బాధపడేవాళ్లకి ఒకటే మాట, వాయికి అన్నం తగ్గించండి. అన్నం పుల్లటి వాసన వస్తున్నా, వేళ్లకి జారుడుగా తగిలినా, ఎంతసేపు బయట ఉందో గుర్తులేకపోయినా పారేయండి. మసాలా వేసి కప్పిపుచ్చే ప్రయత్నం వద్దు.