పెట్టెల లెక్క ఒకటి తక్కువ వస్తోందా? భాగించేముందు ఇది కలపండి

పలాస జీడిపప్పు పాకెట్లు 1,247 ఉన్నాయి, పెట్టెకి 24 పడతాయి. ప్రోగ్రామ్ 51 పెట్టెలు చాలంటుంది. తీరా సర్దేసరికి 23 పాకెట్లు బయటే ఉండిపోతాయి.

సీ, జావా ప్రోగ్రామింగ్ భాషల్లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశ భాగం పోతుంది. 51.95 అయినా 51 అనే అంటాయి. చాలామంది జవాబుకి 1 కలిపేసి ఊరుకుంటారు. అలా చేస్తే సరిగ్గా 1,248 పాకెట్లున్న రోజున 53 చూపిస్తుంది, ఒక పెట్టె ఖాళీ.

కలపాల్సింది భాగించాక కాదు, ముందు. ఎంతతో భాగిస్తున్నారో దానికంటే ఒకటి తక్కువ కలపండి:

(1247 + 23) / 24 → 52
(1248 + 23) / 24 → 52

పైథాన్‌లో / బదులు // పెట్టండి, అది పూర్ణాంకమే ఇస్తుంది. జావాస్క్రిప్ట్‌లో / గుర్తు 52.916 అని దశాంశాలతో ఇస్తుంది కనుక మొత్తాన్ని మ్యాథ్.ఫ్లోర్‌లో (కింది పూర్ణాంకానికి దించే ఫంక్షన్) పెట్టాలి. పీహెచ్‌పీలో పూర్ణాంక భాగహారానికి ఇంట్‌డివ్ అనే ఫంక్షన్ ఉంది, అదే వాడండి.

రుణ సంఖ్యలు వచ్చేచోట మాత్రం జాగ్రత్త. -7ని 2తో భాగిస్తే సీ, జావా -3 అంటాయి, పైథాన్ // మాత్రం కిందికి దిగి -4 అంటుంది. పైథాన్‌లో కొందరు ఇష్టంగా రాసే -(-1247 // 24) అక్కడ చక్కగా 52 ఇస్తుంది. అదే వరుసని // తీసి / పెట్టి జావాలోకి ఎక్కిస్తే మళ్లీ 51కే వస్తారు, ఎర్రర్ కూడా ఏమీ చూపించదు.