చెంగ్డూలో (చైనా, సిచువాన్ రాష్ట్రం) గురువు దగ్గర చైనా వైద్యం: కొత్తగా వచ్చేవాళ్లకు

వీసా పడింది, ఇక గురువుగారి పక్కన కూర్చుని నాడి పట్టడమే తరువాయి అనుకుని దిగుతారు చాలామంది. నేనూ అలాగే దిగాను. మొదటి ఐదు నెలలు నాచేత నాడి ముట్టించలేదు, మందుల చీటీలే రాయించారు. దీన్ని ఇక్కడ ఛావ్‌ఫాంగ్ అంటారు. గురువు రోగిని చూస్తూ మందులు, మోతాదులు చెబుతుంటే పక్కన కూర్చుని రాయడం. గుమాస్తా పనిలా ఉందని చిన్నబుచ్చుకోకండి, చదువంతా అక్కడే ఉంది.

ముందు కాగితాల సంగతి. ఎక్స్1 వీసా (ఎక్కువకాలం చదివేవాళ్లకిచ్చే విద్యార్థి వీసా) మీద వస్తే దిగిన 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. బయట ఇల్లు తీసుకుంటే 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి. పేరు యూనివర్సిటీలో ఉండాలి, గురువును ఆ తర్వాత వెతుక్కోవచ్చు. ఇక్కడి చైనా వైద్య విశ్వవిద్యాలయం 1956లో పెట్టిన మొదటి నాలుగింటిలో ఒకటి. 2017లో వచ్చిన చట్టంతో, గురువు దగ్గర వరుసగా ఐదేళ్లు నేర్చుకున్నవాళ్లు పరీక్ష నెగ్గి వైద్యులయ్యే దారి తెరుచుకుంది. అది ఇక్కడివాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసిన దారి, దాన్ని నమ్ముకుని రావద్దు. మన ఆయుష్ జాబితాలోనూ చైనా వైద్యం లేదు. తిరిగెళ్లి ఊళ్లో బోర్డు పెట్టేద్దాం అనుకుంటే ఆ లెక్క ఇప్పుడే చూసుకోండి.

భాష దగ్గర గట్టి దెబ్బ తగులుతుంది. పుస్తకంలో నేర్చుకున్న చైనీస్ ఒకటి, క్లినిక్‌కు వచ్చే ముసలమ్మ మాట్లాడేది ఇంకొకటి. నాన్ అంటే మగ, లాన్ అంటే నీలం. ఇక్కడివాళ్ల నోట్లో రెండూ ఒకటే. చలికి వాడే 'లెంగ్' నాకు చాలాకాలం 'నెన్' అనే వినిపించింది. చలిగా ఉంటుందా, వేడిగా ఉంటుందా అన్నది ప్రతి రోగినీ అడిగే ప్రశ్న కాబట్టి ఆ ఒక్క మాట ముందు పట్టుకోండి.

మోతాదుల దగ్గర మరీ జాగ్రత్త. ఇప్పుడందరూ గ్రాముల్లోనే చెబుతారు కానీ, పెద్దవయసు గురువులు మాటల్లో పడి 'ఛ్యన్' అనేస్తుంటారు. ఒక ఛ్యన్ అంటే సుమారు 3 గ్రాములు. మా గురువుగారు ఓ రోజు అతిమధురం మూడు ఛ్యన్‌లు అంటే నేను 3 గ్రాములని రాశాను. మందుల కౌంటర్‌లో అమ్మాయి చీటీ చూసి, సొరుగు లాగబోయి ఆగిపోయింది. చీటీ నా ముందు పెట్టి అంకె మీద గోటితో రెండుసార్లు తట్టింది. 9 అని దిద్దాను. గురువుగారు ఏమీ అనలేదు, ఆ వారమంతా మోతాదులు నాచేత పైకి చదివించారు.

ఇంతకన్నా ప్రమాదమైంది ఒకటుంది. ఫూజ్ అనే వేరు ఈ రాష్ట్రంలోనే జియాంగ్‌యూలో పండుతుంది, మన వసనాభి అనే విషపు మొక్కకు దగ్గరి చుట్టం. శుద్ధి చేసినదే వాడాలి, అదీ మిగతా మందులకంటే ముందే వేసి ఎక్కువసేపు మరిగించాలి. చీటీలో దాని పేరుకు కుడివైపు పైన 'ముందు మరిగించాలి' అనే అర్థం వచ్చే రెండు అక్షరాలు రాస్తారు. మందు పేరు రాసి ఆ రెండూ మర్చిపోతే రాసినట్టే కాదు.

నాడి పట్టనిచ్చే రోజు వచ్చాక మనవాళ్లకు ఇంకో చిక్కు. మూడు వేళ్లు ఆనించగానే వాతం, పిత్తం, కఫం గుర్తొస్తాయి. ఇక్కడ ఆ మూడు వేళ్ల కింద చూసేది ఎడమ చేతి మీద గుండె, కాలేయం, మూత్రపిండం, కుడి చేతి మీద ఊపిరితిత్తులు, ప్లీహం, మళ్లీ మూత్రపిండం. దీన్ని దానిమీద అతికించబోయి నేను ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను.

మర్యాదల విషయానికొస్తే, మొదట అందరినీ లావ్‌షర్ (టీచర్) అనే పిలవండి. షిఫు (గురువుగారు) అనే పిలుపు శిష్యుడిగా ఒప్పుకుని, మీరు రెండు చేతులతో ఇచ్చిన టీ తాగాకే. మొదటిసారి వెళ్లేటప్పుడు పళ్లో టీ పొడో చాలు. గోడ గడియారం మాత్రం ఇవ్వకండి, చైనీస్‌లో ఆ మాట చావును గుర్తుచేస్తుంది. చల్లటి నీళ్లు తాగుతూ కనిపిస్తే క్లాసు పీకుతారు, ఫ్లాస్కు కొనుక్కోండి. గుంటూరు కారం తిన్న నోరని ధీమా వద్దు, ఇక్కడి మిరియం కారంగా ఉండదు, నాలుకనే తిమ్మిరెక్కిస్తుంది.

నోట్‌బుక్ వెడల్పాటిది కొనండి. ఎడమ పేజీలో చీటీ రాసి, కుడి పేజీ ఖాళీగా వదలండి. రోగి మళ్లీ వచ్చినప్పుడు నిద్ర పట్టిందా, దగ్గు తగ్గిందా, గురువు ఏ మందు తీసేసి ఏది కలిపారు అన్నది అక్కడ రాయాలి. నేను మొదటిదాంట్లో వదల్లేదు. ఇప్పుడు అతికించిన చీటీలతో ఉబ్బిపోయి, రబ్బరు బ్యాండు వేస్తే గానీ మూత పడదు.