జూన్ లంచ్ బాక్స్: మూత పెట్టే ముందు చూసుకోవాల్సినవి

జూన్ 12న బడులు తెరుస్తారు. రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చినా మా విజయవాడలో ఎండ ఒక పట్టాన దిగదు, దానికి ఉక్క తోడు. అందరి టెన్షన్ ఒకటే, ఏం పెడితే పిల్లలు తింటారని. నాకు ఇంకొకటి కూడా ఉంది. పొద్దున ఏడింటికి మూసిన బాక్స్ పన్నెండున్నరకి తెరుస్తారు. ఆ ఐదున్నర గంటల్లో లోపల ఏం జరుగుతోంది?

మా వాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు వరసగా మూడు రోజులు బాక్స్ ముట్టకుండా తెచ్చాడు. అడిగితే "ఆకలి లేదమ్మా" అన్నాడు. నాలుగో రోజు గట్టిగా అరిస్తే "మూత తీస్తే వాసనొస్తోంది" అని ఏడ్చాడు. మూతకుండే రబ్బరు రింగును పిన్నీసుతో పైకి లాగి చూశాను. కింద నల్లగా, జిగురుగా, ఎప్పటిదో సాంబారు. రోజూ తోముతూనే ఉన్నాను, రింగు తీయాలని మాత్రం తోచలేదు. బడి తెరిచేలోపు మీరూ ఒకసారి ఆ రింగు లాగి చూడండి. వదులైపోయినా, నల్ల మచ్చలు పోకపోయినా బాక్సే మార్చేయండి.

ఇక అసలు సంగతి. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల వేడి మధ్య రెండు గంటలు మించి ఉండకూడదని లెక్క. మన బాక్స్ ఆ లెక్కను రోజూ దాటుతుంది. కాబట్టి గోరువెచ్చగా ఉన్నది మాత్రం కట్టకండి. పెడితే పొగలు కక్కే వేడి, లేకపోతే పూర్తిగా చల్లారింది. వేడిగా పంపాలంటే ఫ్లాస్క్ లాంటి డబ్బాలో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు పొయ్యి మీది అన్నం నిండుగా పెట్టాలి. సగం డబ్బాలో వేడి నిలవదు. మామూలు స్టీలు బాక్స్ అయితే వెడల్పు పళ్లెంలో అన్నం ఆరబోసి, చెంచా నూనె వేసి, ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు పెట్టండి. ఆవిరి ఉండగానే మూత పెడితే అది నీళ్లై అన్నం మీదే కారుతుంది. పన్నెండింటికల్లా అంటుకుపోయి, పులిసిన వాసన. ఆ పది నిమిషాలు దొరకాలంటే కుక్కర్ ఆరింటికే ఎక్కాలి, తప్పదు.

రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున పులిహోర కలపడం మన ఇళ్లలో మామూలే. ఆ అన్నం రాత్రంతా వంటింటి గట్టు మీద ఉండిపోతే మాత్రం వద్దు. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఉడికించినా చావదు. బయట ఉంచితే అది విషం తయారు చేస్తుంది, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, చింతపండు పులుసు పోసినా పోదు. రాత్రి తినడం అవగానే ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమైతే పొద్దున బాగా వేడి చేసి, చల్లార్చి కలుపుకోవచ్చు.

అప్పటికప్పుడు వండిన అన్నంతో చేసిన పులిహోర, నిమ్మకాయ అన్నం, గోంగూర పప్పన్నం ఎండలో బాగా ఆగుతాయి. పులుపు కాస్తుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నెయ్యి కలిపిన ఇడ్లీ ముక్కలు కూడా. కొబ్బరి పచ్చడి, ఉడకబెట్టిన గుడ్డు, కోసిన పుచ్చకాయ జూలై దాకా బాక్సులోకి రానివ్వకండి. గుడ్డు పొద్దున టిఫిన్‌లో పెట్టేస్తే సరి. పులుపున్న వాటిని అల్యూమినియం ఫాయిల్లో చుట్టకండి.

పెరుగన్నానికి మా అత్తయ్య పద్ధతి ఒకటుంది. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, తోడుకి ఒక్క చెంచా పెరుగు. బడికి వెళ్లే దారిలోనే అది తోడుకోవడం మొదలవుతుంది, మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. "పెరుగు పోస్తే పులిసిపోద్దమ్మాయ్, పాలు పొయ్యి" అని మొదటి రోజే చెప్పింది. నేను వినడానికి ఏడాది పట్టింది. పక్కన గడ్డకట్టిన మజ్జిగ సీసా పెడితే బాక్సూ చల్లగా ఉంటుంది, తాగడానికీ అవుతుంది.

చెడిపోకపోతే చాలా? తినాలి కదా. బడిలో తినడానికి దొరికేది ఇరవై నిమిషాలు. అందులో చేతులు కడుక్కోవడం, కబుర్లు, పక్కవాడి బాక్సులోకి తొంగిచూడటం పోగా మిగిలేది ఎంత? ములక్కాడ ముక్కలు, ముళ్ల చేప, విడిగా కలుపుకోవాల్సిన కూర పెడితే సగం తిరిగొస్తుంది. పప్పన్నం మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది, కాబట్టి పొద్దున చూస్తే జారుడుగా అనిపించేలా కలపండి. చపాతీ పిండి పాలతో తడిపి, కాల్చాక నెయ్యి రాసి, ఆరాక గుడ్డలో చుట్టండి. మూత బిగుతుగా ఉందేమో వాడి చేతే తీయించి చూడండి. టీచర్‌ని అడగడానికి సిగ్గుపడి మూసిన బాక్స్ మూసినట్టే తెచ్చే పిల్లలున్నారు.

కొత్త కూర పరీక్షలు ఆదివారం ఇంట్లో చేయండి. బెండకాయ వేపుడు ఇంట్లో వేడిగా తిన్నవాడు బడిలో చల్లగా తినకపోవచ్చు, అందుకే చల్లార్చి రుచి చూపించండి. ముందు రోజు రాత్రి "పులిహోరా, పప్పన్నమా?" అని రెండే అడగండి. "ఏం కావాలి నాన్నా?" అన్నారంటే నూడుల్స్ అంటాడు.

బడి గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి పిల్లలకు అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. చిప్స్ ప్యాకెట్ ఆ గేటు దాటి లోపలికి వెళ్లేది మన చేత్తోనే. స్నాక్స్‌కి జామకాయ, చక్కెరకేళి, నువ్వుండ, పల్లీ చిక్కీ చాలు. పల్లీలు పడని పిల్లలు తరగతిలో ఉన్నారేమో టీచర్‌ని ఒకసారి అడగండి. ఎల్‌కేజీ పిల్లలకైతే ద్రాక్ష పండ్లు నిలువుగా చీల్చాలి, గింజ పల్లీలు అసలు పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి.

సాయంత్రం నాలుగున్నరకి తిరిగొచ్చిన సగం బాక్సును మాత్రం "ఇది తిని ఆడుకో" అని మళ్లీ ముందు పెట్టకండి. పారేయడానికి చేతులు రావు, తెలుసు. మా ఇంట్లో అప్పుడప్పుడూ ఆ అన్నం గోడ మీదికి వెళ్తుంది. కాకి ముట్టకపోతే ఏదో తేడా చేసినట్టేనని అత్తయ్య అంటుంది, నా వంక చూస్తూ.