పక్కన ఉండే పని – 5వ పాఠం: టిఫిన్ బండి దగ్గర నోరు కట్టుకోవడం

ఇవాళ తమ్ముణ్ణి తీసుకెళ్లకండి. మీరొక్కరే వెళ్లి ఒక ప్లేట్ ఇడ్లీ తిని రండి, మిగతాది వచ్చాక చదవండి.

(కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: నేను తోడుగా వెళ్లే కుర్రాడికి 24 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. నన్ను అన్నా అంటాడు, అందుకే ఇక్కడ తమ్ముడు అని రాస్తున్నా. మీరు వెళ్లేది ఎవరితో అయితే ఆ వరస పెట్టుకుని చదువుకోండి. తయారవడం, ఇంటికి తాళం వేయడం, సందు దాటడం పాత పాఠాల్లో అయిపోయాయి. ఇవాళ్టిది బండి దగ్గర తమ్ముడు తనే అడిగి, తిని, డబ్బులిచ్చి రావడం నేర్పే పాఠం. నోరు కట్టుకోవడం అంటే ఇక్కడ తిండి మానడం కాదు, మాట మానడం.)

తిని వచ్చారా. బండి దగ్గర ఏమేం చేశారో పుస్తకంలో రాయండి. మొదటిసారి అందరూ నాలుగు ముక్కలే రాస్తారు, వెళ్లాను, అడిగాను, తిన్నాను, డబ్బులిచ్చాను అని. నేనూ అంతే రాశాను. మర్నాడు కళ్లు తెరుచుకుని వెళితే పదమూడు మెట్లు తేలాయి. బెజవాడ పటమటలో మేం వెళ్లే బండి దగ్గర పెనానికి ఎదురుగా కాకుండా ఇడ్లీ గిన్నె వైపు నిలబడాలి, లేకపోతే నూనె చిందుతుంది, బండి బాబాయ్ కసురుకుంటాడు. ఆయన తలెత్తే దాకా ఆగాలి. ఒక ప్లేట్ ఇడ్లీ అని అడగాలి. "కారప్పొడి వెయ్యాలా" అంటే అవునో కాదో చెప్పాలి. ప్లేటు అందుకోవాలి, వెనక వాళ్లకి చోటిచ్చి పక్కకి జరగాలి, తినాలి, చట్నీ చాలకపోతే మళ్లీ వెళ్లి అడగాలి. ప్లేటు మీద వేసిన కవరు తీసి డబ్బాలో, ప్లేటు టబ్బులో వెయ్యాలి. డ్రమ్ము దగ్గర చెయ్యి కడుక్కోవాలి. నోటు ఇవ్వాలి. చిల్లర వచ్చే దాకా అక్కడే ఉండాలి (ఇది మనక్కూడా కష్టమే). చిల్లర జేబులో పెట్టుకోవాలి.

మీ బండి దగ్గర ఇవే ఉండవు. ముందే టోకెన్ తీసుకునే చోటైతే డబ్బు మెట్టు పైకి వస్తుంది. అందుకే నా పదమూడు ఎత్తి రాసుకోకండి, మీవి మీరు తిని రాసుకోండి.

ఇక ఏది ముందు నేర్పాలి? చివరిది. మొదటి వారం పన్నెండు మెట్లూ నేను పక్కనుండి చేయించాను, చిల్లర జేబులో పెట్టుకోవడం ఒక్కటే తమ్ముడికి పూర్తిగా వదిలేశాను. రెండో వారం చిల్లర కోసం ఆగడం కూడా అతనిదే. ఆ తర్వాత నోటివ్వడం. ఇలా కింద నుంచి పైకి. అమ్మ అన్నం కలిపి ముద్ద చేసి నోటి దాకా తెచ్చి, నోట్లో పెట్టుకోవడం మాత్రం పిల్లాడికి వదిలేస్తుంది చూడండి, అదే ఇది. స్పెషల్ టీచర్లు బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే తమ్ముడు ఒక్క పని చేసి ఆగిపోతాడు, మిగతాదంతా మనం లాగేస్తాం, బండి దగ్గర నుంచి వచ్చేటప్పుడు అతని చేతిలో ఏమీ ఉండదు. చివరి నుంచైతే రోజూ పని ముగించింది అతనే, జేబులో పది రూపాయలు గలగలలాడుతుంటాయి.

నోరు విప్పి అడగడం అనే మూడో మెట్టుని మాత్రం ఈ వరసలో పెట్టకండి. దాన్ని మొదటి రోజు నుంచే పట్టుకోవాలి. అసలు పాఠమంతా దాని గురించే.

నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి నెలంతా బండి దగ్గరికి వెళ్లగానే "చెప్పు తమ్ముడూ, ఏం కావాలో బాబాయ్‌కి చెప్పు" అనేవాణ్ణి. వెంటనే చక్కగా "ఒక ప్లేట్ ఇడ్లీ" అనేవాడు. నాకు మహా సంబరం, పుస్తకంలో టిక్కుల మీద టిక్కులు. ఒకరోజు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రావట్లేదు. బాబాయ్ తలెత్తాడు. తమ్ముడు నా మొహంలోకి చూశాడు. బాబాయ్ చూస్తున్నాడు, తమ్ముడు నన్నే చూస్తున్నాడు, నేను చేతులు ఊపుతున్నాను, వెనక ఒకాయన "ఏంటి సార్ తొందరగా" అంటున్నాడు. అప్పుడు అర్థమైంది, తమ్ముడు నేర్చుకున్నది బాబాయ్ తలెత్తితే అడగాలని కాదు, అన్న చెప్పమంటే చెప్పాలని. నేను లేకపోతే ఇడ్లీ లేదు. ఆ ఒక్క "చెప్పు" వదిలించుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

సాయానికి కూడా మెట్లుంటాయి. అన్నిటికంటే కిందది ఏమీ చేయకపోవడం, అంటే మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టడం. దాని పైన సైగ, కళ్లతో బాబాయ్ వైపు చూపించినా చాలు. ఆ పైన మాట, అందులోనూ ముందు "ఒక ప్లే..." అని సగం, తర్వాతే పూర్తిగా. ఆ పైన మనం చేసి చూపించడం. అన్నిటికీ పైన చెయ్యి పట్టుకుని చేయించడం. ఎప్పుడూ కింద నుంచి మొదలుపెట్టి, అవసరమైతేనే ఒక్క మెట్టు ఎక్కాలి. మనం చేసేది తలకిందులు, నోటికి ఖర్చు లేదు కదా అని మాటతోనే మొదలెడతాం. చెయ్యి వేస్తే తీసేయడం మనకి తెలుస్తుంది, మాట అలా కాదు, ఎన్నిసార్లు అంటున్నామో మనకే వినపడదు. అనుమానముంటే ఒకరోజు ఫోన్లో రికార్డ్ చేసుకుని వినండి. నేను విన్నాను, సిగ్గేసింది.

పది లెక్కపెట్టడం ఇంట్లో సులువే. పొద్దున ఎనిమిదింటికి బండి దగ్గర పది సెకన్లంటే యుగం, చుట్టూ ఆఫీసులకి పోయేవాళ్లు, పార్సిళ్లు. అందుకని మేం ఏడు లోపే వెళతాం. ఎండాకాలంలో ఇంకా ముందు, బెజవాడ ఎండలో తొమ్మిది తర్వాత నాకే బుర్ర పనిచెయ్యదు, అతన్నేం నేర్చుకోమంటాం.

ఇంట్లోనే ఆటలాగా నేర్పి తర్వాత తీసుకెళ్లొచ్చుగా అనుకోకండి. మేం అదీ చేశాం. తమ్ముడి అమ్మగారు వంటింటి గట్టు వెనక బాబాయ్‌లా నిలబడితే ఇరవై నాలుగు క్యారట్ల బంగారంలా చేశాడు. బండి దగ్గర సున్నా. నూనె చప్పుడు లేదు, హారన్లు లేవు, అమ్మ ఎప్పుడూ "కారప్పొడి వెయ్యాలా" అని అడగదు. ఇక్కడ నేర్చుకున్నది అక్కడికి మోసుకెళ్లడం వీళ్లకి కష్టం, కాబట్టి ఎక్కడ చేయాలో అక్కడే నేర్పాలి. "ఇంట్లో మెత్తటి ఇడ్లీ పెడుతుంటే రోడ్డు మీద నిలబెడతావేంటయ్యా" అని ఆవిడ రెండు వారాలు అలిగారు కూడా. చిల్లర తెచ్చి చేతిలో పోసిన రోజు ఏమీ అనలేదు.

ఇప్పుడు బండి బాబాయ్ సంగతి. మనం ఎంత నోరు కట్టుకున్నా ఆయన నన్నే అడుగుతాడు, "అబ్బాయికేం పెట్టమంటావ్?" అని. అబ్బాయి ఎదురుగా ఉన్నాడు. "తమ్ముణ్ణి అడుగు బాబాయ్" అన్నా లాభం లేదు, అప్పుడు కూడా మాట్లాడింది నేనే. పదిన్నరకి గిన్నెలు కడిగే టైములో ఒక్కణ్ణే వెళ్లి కూర్చుని చెప్పాను.

"బాబాయ్, రేపట్నుంచి నన్ను చూడకు. తమ్ముణ్ణే చూసి అడుగు. అడిగాక పదంకెలు ఆగు."

"పదా? పెనం మీద అట్టు మాడిపోద్ది."

"అట్టు వెయ్యకముందే వస్తాంలే."

నవ్వాడు, ఒప్పుకున్నాడు. వారం బాగానే జరిగింది. తర్వాత ప్రేమ ఎక్కువైంది. మమ్మల్ని సందు చివర చూడగానే ప్లేట్లో ఇడ్లీ పెట్టేసి రెడీగా పట్టుకునేవాడు. మూడో మెట్టు, నాలుగో మెట్టు మాయం. ఇది తెలిసిన ప్రతి బండి దగ్గరా జరుగుతుంది, కోప్పడకండి, మళ్లీ పదిన్నరకి వెళ్లండి. ఇంకోరోజు "పాపం, వదిలెయ్ లే డబ్బులు" అన్నాడు. ఇది మాత్రం అక్కడికక్కడే ఆపాల్సిందే, అంతసేపు చేసి నోటు ఇచ్చే మెట్టు దగ్గర చెయ్యి వెనక్కి పోతే మర్నాడు ఏం నేర్పుతాం. "తీసుకో బాబాయ్, అతని డబ్బే" అన్నాను. నిజంగా అతనిదే. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000 అయింది, ఒకటో తారీఖున వార్డు సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చిస్తారు. అందులోంచి రోజూ ఒక యాభై నోటు తమ్ముడి పర్సులో పెట్టమని అమ్మగారిని అడిగాను.

యాభై ఎందుకంటే మా దగ్గర ప్లేటు నలభై. చిల్లర లెక్కలు నేర్పుతూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. పై నోటు ఇవ్వడం నేర్పండి, అంటే ధర ఎంతయినా దానికి పైనున్న నోటు తీసివ్వాలి, ముప్పై అయిదన్నా నలభై అయిదన్నా యాభై, అరవై అంటే వంద. మొదట్లో పర్సులో ఒకే నోటు ఉంచండి, కుదిరాక రెండు రకాలు. స్కానర్‌తో ఇచ్చేయొచ్చుగా అంటే, ఇవ్వొచ్చు, యూపీఐ సర్కిల్ అని ఒకటుంది, ఇంట్లోవాళ్లు తమ ఖాతాకి ఇంకొకరిని కలిపి పరిమితి పెట్టుకోవచ్చు. కానీ నోటు కంటికి కనిపిస్తుంది, ఇస్తే పోతుంది, చిల్లరై తిరిగొస్తుంది. నా ఓటు నోటుకే.

మాట రానివాళ్లకి మూడో మెట్టు కార్డు చూపించడం, మిగతా అన్నీ ఇవే. కార్డు మీద ఇడ్లీ ఫోటో, కింద "నాకు ఒక ప్లేట్ ఇడ్లీ కావాలి" అని రాయండి. "ఇతనికి ఇడ్లీ ఇవ్వండి" అని మాత్రం వద్దు. కార్డు కూడా మనలాగే మధ్యలో దూరుతుంది అప్పుడు.

ఒకరోజు "మైసూర్ బజ్జీ" అన్నాడు. నా నోటి దాకా వచ్చింది, ఇడ్లీ కదా తమ్ముడూ అని. నాలుక కరుచుకున్నాను. బజ్జీ తిన్నాడు, వేడికి నోరు కాలింది, నీళ్లు తాగాడు. మర్నాడు మళ్లీ బజ్జీయే అడిగి, ఊదుకుని తిన్నాడు.

కుదరని రోజులుంటాయి. మిక్సీ, హారన్, కుక్క అరుపు అన్నీ ఒకేసారి వస్తే చెవులు మూసుకుని ఊగిపోతాడు. అప్పుడు పాఠం లేదు, మెట్లు లేవు, మాటలు అసలే వద్దు, ముందే చూసి పెట్టుకున్న నీడకి తీసుకెళ్లి నిలబడండి. జనం చేరతారు, ఒకరు నీళ్లు చల్లమంటారు, ఒకరు తాళాలు చేతిలో పెట్టమంటారు. "కొంచెం దారివ్వండి, రెండు నిమిషాల్లో సర్దుకుంటాడు" అని మాత్రం అనండి. ఫిట్స్ అయితే వేరే సంగతి, పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే 108.

పుస్తకం రోజూ రాయండి, ఒక్కో మెట్టుకి ఒక్క అక్షరం చాలు. తనే చేస్తే త, సైగ చేస్తే సై, మాట సాయమైతే మా, చేసి చూపిస్తే చూ, చెయ్యి పట్టుకుంటే చె. గొంతు పోయిన రోజు తర్వాత మూడో మెట్టు వరస నా పుస్తకంలో ఇలా ఉంది: మా, మా, సై, మా, సై, సై, త, సై, త, త, త. ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో ఉంటుంది, ఆ శాతం పింఛనుకి పనికొస్తుంది, చిల్లర కోసం ఆగగలడో లేదో దాన్ని చూసి చెప్పలేం. వరసగా మూడు త లు వస్తే మీరు ఒక అడుగు వెనక్కి జరగండి. నిజంగా అడుగే. నేను భుజం పక్క నుంచి రెండడుగుల వెనక్కి, అక్కడ్నుంచి పాన్ డబ్బా దగ్గరికి, ఇప్పుడు రోడ్డుకి ఇవతల మందుల షాపు మెట్ల మీదికి వచ్చాను. అక్కడ్నుంచి మాట వినపడదు, పెదాలు కదలడం కనపడుతుంది.

సంక్రాంతికి బాబాయ్ ఊరెళ్లి మూడు రోజులు బండి పెట్టలేదు. తమ్ముడు ఖాళీ చోటు ముందు, ఇడ్లీ గిన్నె ఉండాల్సిన వైపే నిలబడి చూస్తున్నాడు. నేను రోడ్డు దాటి వెళ్లబోయి ఆగి పది లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర వెనక్కి తిరిగి, చెయ్యెత్తి, "అన్నా, బండి లేదు" అని అరిచాడు. ఆ వారమే రెండో బండి మొదలుపెట్టాం. మీరు అంతదాకా ఆగకండి, మొదటి బండి కుదిరిన వెంటనే ఇంకోచోటికి కూడా వెళ్లండి.

వచ్చే పాఠం పటమట నుంచి బస్టాండ్‌కి సిటీ బస్సు. ఈలోపు ఒకసారి ఒంటరిగా ఎక్కి మెట్లు రాసుకుని రండి. మీరు తోడు వెళ్లేది అక్కకో చెల్లికో అయితే, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు కాబట్టి డబ్బులిచ్చే మెట్టు పోయి ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకునే మెట్టు వస్తుంది, అది వేరేగా రాసుకోండి.